వేడి చక్రం మీద నీళ్ళు

ఎర్రకుంట దొర మోటారు ఇంకా నూరు గజాల దూరంలో ఉండగానే యోహాను చేతిలోని పానా కింద పెట్టి లేచి నిలబడ్డాడు. బండి ఆగుతున్న తీరు అతనికి నచ్చలేదు. చిట్యాల సడకు పక్కనున్న అతని రేకుల పందిరి దగ్గరికి వస్తూ వేగం తగ్గేకొద్దీ ముందు దీపాలు రెండూ గడగడలాడాయి. కొత్తగా ముకుతాడు పోసిన కోడెలాగా బండి మొహం అటూ ఇటూ విదిలించుకుంది. ఆగాక మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడింది.

మైసయ్య దిగాడు. దొర మోటారు తోలేవాడు అతనే. టోపీ చేతిలో పట్టుకున్నాడు. తలకు పెట్టుకునే వీలు లేదు. ఎడమ చెవి వంకాయంత ఉబ్బి ఉంది.

"చెవికేమైంది మైసయ్యా?"

"బ్రేకు తొక్కిన" అన్నాడు మైసయ్య.

యోహానుకు అర్థం కాలేదు.

"నిన్న నకిరేకల్ కాడ బర్రెలు అడ్డమొచ్చినయి. బ్రేకు తొక్కిన. బండి జెరమొచ్చినట్టు వణికింది. ఎనక కూసున్న దొర నోట్ల తమలపాకు తెల్ల ధోతి మీద పడ్డది. ఆడికాడనే దిగి చెప్పు తీసిండు." మైసయ్య టోపీని చేతుల్లో తిప్పుతూ అన్నాడు. "నేను కావాలని వణికిస్తున్ననట. మిస్త్రీ, నువ్వు జర చూడు. సూర్యాపేటల బేరింగులు మార్చిండ్రు. పట్నంల బ్రేకు పట్టాలు కొత్తయి ఏసిండ్రు. స్టీరింగు రాడ్లు గూడ మార్చిండ్రు. పోయిన పారి పది దినాలు బాగున్నది, మల్లా మొదలు. శుక్రారం తాలూకుదారు సాబు వస్తుండు. దొర ఎదురుబోవాలె. ఆయన ముంగట గిట్ల వణికితె నా రెండో చెవి గూడ పోతది."

అది సోమవారం. యోహాను పానాల సంచి, జాకీ, గ్యాసునూనె డబ్బా బండిలో వేయించి, తానే తోలుతానన్నాడు. మైసయ్య పక్కన కూర్చున్నాడు.

చిట్యాల దాటాక సడకు ఖాళీగా ఉంది. రెండు పక్కలా ఆముదపు చేలు. యోహాను బండిని కొంత వేగంగా పోనిచ్చి బ్రేకు మీద కాలు మోపాడు. స్టీరింగు చేతుల్లో కొట్టుకుంది. అతను దాన్ని బిగించి పట్టుకోలేదు. నాడి చూసే వైద్యుడిలాగా వేళ్ళు మాత్రం ఆనించి ఉంచాడు. బూటు విప్పేసి ఉత్త పాదం బ్రేకు మీద పెట్టి మళ్ళీ తొక్కాడు. ఇప్పుడు తెలిసింది. బ్రేకు కిందినుంచి అరికాలిని తన్నుతోంది. బండి జోరుగా ఉన్నప్పుడు తన్నులు జోరుగా, నెమ్మదించినప్పుడు నెమ్మదిగా. ఆగబోయే ముందు చక్రం ఒక్కో చుట్టుకు ఒక్కో తన్ను, లెక్క పెట్టుకోవచ్చు.

తర్వాత కాలు తీసి చేతిబ్రేకు గుంజాడు. ఆ బండిలో చేతిబ్రేకు వెనక చక్రాలనే పడుతుంది. బండి నున్నగా ఆగింది, వణుకు లేదు.

"ఎనక కాదు" అన్నాడు యోహాను. "ముందట. అందుల ఎడమ దిక్కు. తొక్కినప్పుడల్లా జరంత ఎడమకు గుంజుతాంది చూడు."

మైసయ్య అతని మొహంలోకి ఆశగా చూశాడు.

కేతేపల్లి దాటి మట్టి బాట పట్టి ఎర్రకుంటలో దొర ఉండే గడీ ముందుకు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. బండిని ఎప్పుడూ నిలిపే చోటనే నిలిపారు. కుడి చక్రాలు గడీ గోడకు ఆనుకున్నంత దగ్గరగా, ఎడమ చక్రాలు వాకిలి వైపు. యోహాను జాకీ పెట్టి ఎడమ ముందు చక్రం లేపాడు. చక్రాన్ని పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపి చూశాడు, కదలిక లేదు. పక్కల పట్టుకుని ఊపాడు, లేదు. అంటే బేరింగులు, రాడ్లు అన్నీ మంచివే. చక్రం విప్పి, లోపలి బ్రేకు పట్టాలను చక్రంతోపాటు తిరిగే ఇనుప డ్రమ్ముకు తాకీ తాకనంత దగ్గరగా బిగించి, డ్రమ్మును చేత్తో మెల్లగా తిప్పాడు. చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత ఒకచోట 'గర్ర్' మని గీరింది. మళ్ళీ నిశ్శబ్దం. మళ్ళీ అదే చోట గర్ర్. అక్కడ సుద్దముక్కతో గీత పెట్టాడు.

డ్రమ్ము ఊడదీసి గ్యాసునూనెతో కడిగాక వెలుతురుకు పట్టి చూశాడు. లోపలి అంచున సుద్ద గీతకు దగ్గరలోనే నీలి మచ్చలు, నెమలి మెడ రంగులో. వాటి నడుమ వెంట్రుక వాసి చీరికలు నాలుగైదు. గోరు పెట్టి గీస్తే తగులుతున్నాయి. యోహాను మళ్ళీ ఒకసారి గీసి చూశాడు. ముగ్గురు మిస్త్రీలు పట్టలేనిది తన గోటికింద దొరికింది.

"మైసయ్యా, బండి రాంగనె నీళ్ళెవరు పోస్తరు?"

ఇనుప ముక్కలు తుడుస్తున్న మైసయ్య చేయి ఆగింది. "కడుగుడు వెట్టోళ్ళ పని. నాకేం ఎరుక" అన్నాడు. మళ్ళీ తుడవసాగాడు.

అప్పుడే ఒక ముసలామె నెత్తిన కుండతో వాకిలి దాటి గడీ వెనక్కి పోయింది. యోహాను ఆమెను చూశాడు, చూసి మరిచాడు. ఎందుకంటే దొర అరుగు మీదికి వచ్చాడు.

"ఏమ్రా చిట్యాల మిస్త్రీ, దొరికిందా నీ దయ్యం?"

యోహాను డ్రమ్మును రెండు చేతుల మీద పెట్టుకుని అరుగు కిందికి పోయి నిలబడ్డాడు. "దొరికింది దొరా. బేరింగులు కాదు, రాడ్లు కాదు. డ్రమ్ము గుండ్రం తప్పింది. దిగుట్ల బ్రేకు ఎక్కువ పట్టినప్పుడు ఇది ఇంట్లె పెనమంత కాగుతది. గా వేడి మీద ఎవరో ఒక్క పక్క సల్లటి నీళ్ళు గుమ్మరిస్తున్నరు. ఒక్క దినం కాదు, మస్తు దినాల సంది. ఇనుము అటేపు ముడుచుకున్నది. గీ నీలి మచ్చలు జూడుండ్రి. వంకర తిరిగిన కాడ పట్టా తగిలినప్పుడల్లా బండి తన్నుక లేస్తాంది. కొత్త పట్టాలు ఎన్నేసినా పది దినాలే."

దొర వంగి చూశాడు. కుడిచేతి వేలితో మచ్చలు తడిమాడు. "షాబాష్" అన్నాడు. "పట్నంల ఆ పెద్ద దుకాణపోనికి గూడ సమజు గాలె. దీనికి ఇలాజు ఏంది?"

"యుద్ధం దినాలు దొరా, కొత్తది దొరకది. భువనగిరి మిల్లుల ఖరాదు యంత్రమున్నది. లోపలంత నున్నగ చెక్కిస్తె మల్లా గుండ్రమైతది. బుధారానికి తెచ్చి బిగిస్త."

"పోయిరా" అన్నాడు దొర. వెనక్కి తిరగబోతూ ఆగి, వాన గురించి అడిగినంత మామూలుగా అడిగాడు. "బండి కడిగేది ఎవర్రా?"

"ఈదమ్మ దొరా" అన్నాడు అరుగు మీద దొర వెనక నిలబడ్డ గుమాస్తా.

దొర "ఊఁ" అని లోపలికి పోయాడు. వాకిట్లో ఏమీ జరగలేదు. కోడి ఒకటి గ్యాసునూనె మరకను పొడిచి చూసి వదిలేసింది. యోహాను డ్రమ్మును గోనెసంచిలో చుట్టుకుని, బండిని దిమ్మెల మీద నిలిపి, కేతేపల్లి సడకు మీదికి బయలుదేరాడు.

మంగళవారం ఆముదాల లోడు లారీ మీద ఎక్కి భువనగిరి చేరాడు. గుట్ట మీది కోట కనబడినప్పటి నుంచీ గోనెసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మిల్లులో ఖరాదు నడిపే ఖాదర్ మియా డ్రమ్మును యంత్రానికి బిగించి ఒక చుట్టు తిప్పి, కళ్ళు చిట్లించి చూసి నాలుక చప్పరించాడు.

"క్యా భాయ్, ఇది గుండ్రమా, కోడిగుడ్డా?"

ఉలి ఆనగానే ఇనుము పొట్టు చుట్టలు చుట్టలుగా రాలింది. మొదట ఒక పక్కనే తెగింది. మూడోసారికి చుట్టూ సమంగా తెగసాగింది. యోహాను దగ్గరగా నిలబడి ఆ చప్పుడు విన్నాడు. ఆగి ఆగి వచ్చిన గీర ఒక్క తీరుగా సాగే పాటలాగా మారింది. చీరికలు చాలావరకు పోయాయి. రెండు మాత్రం లోతుగా మిగిలిపోయాయి.

"ఇక చాలు" అన్నాడు ఖాదర్ మియా. "మందం పోయింది. ఇంకోసారి నా దగ్గరికి తేవొద్దు. ఇంకోసారి గిట్లయితె పలుగుతది, చెక్కేది ఉండదు. గిట్లెట్లయింది?"

యోహాను చెప్పాడు. చెప్పడం బాగుంది. అరికాలికి తన్ను తగలడం, చేతిబ్రేకు, సుద్దగీత, నీలి మచ్చలు, అన్నీ వరసగా చెప్పాడు. మిల్లు పనివాళ్ళు ఇద్దరు కూడా వచ్చి విన్నారు.

"ఆ నీళ్ళు పోసినోని చేతులు ఇరగ్గొట్టాలె" అన్నాడు ఖాదర్ మియా నవ్వుతూ. యోహాను కూడా నవ్వాడు.

బుధవారం ఎండ ముదిరే వేళకు అతను ఎర్రకుంట చేరాడు. డ్రమ్ము భుజం మీద ఉంది. బాట మలుపు తిరగగానే గడీ వాకిట్లో ఏదో మూటలాగా కనిపించింది. దూడ అనుకున్నాడు. ఇంకొంచెం దగ్గరికి వచ్చాక దానికి చేతులున్నాయి.

మనిషి నడుము దగ్గరికి వంగి, తల వేలాడేసి, రెండు చేతులతో కాలి బొటనవేళ్ళు పట్టుకుని ఉంది. వీపు మీద పొత్రం. పప్పు రుబ్బే పొత్రం, నల్లగా, నున్నగా. తెల్ల వెంట్రుకలు ముందుకు పడి నేలను తాకుతున్నాయి. ముక్కు కొన నుంచి చెమట చుక్క ఒకటి సాగి కింద పడింది. పడ్డచోట మట్టి అప్పటికే తడిసి గుంట పడి ఉంది. వాకిట్లో మనుషులు వస్తూ పోతూ ఉన్నారు. గుమాస్తా అరుగు మీద కాగితం చదువుకుంటున్నాడు. ఎవరూ అటు చూడడం లేదు, చూడకుండా ఎవరూ లేరు.

యోహాను కాళ్ళు ఆగిపోయాయి. మొన్న కుండ మోసుకుపోయిన ముసలామె అని పోల్చుకున్నాడు. బండి దగ్గర నిలబడ్డ మైసయ్యను చేరి గొంతు తగ్గించి అడిగాడు.

"ఏం జేసింది?"

మైసయ్య అతనివైపు వింతగా చూశాడు. "నువ్వే చెప్పితివి గదనే."

యోహాను భుజం మీద డ్రమ్ము ఉన్న సంగతి మరిచిపోయాడు. అది జారి కాలి పక్కన దడాలున పడింది. అరుగు మీద గుమాస్తా తలెత్తి చూసి మళ్ళీ దించాడు. వంగి ఉన్న మనిషి కదలలేదు.

"నిన్న పొద్దుపొడుపు సంది" అన్నాడు మైసయ్య. "పొద్దుగూకితె దించుతున్నరు, పొద్దున మల్ల ఎత్తుతున్నరు. గంతే గాదు. బండి చెడిన నష్టం కింద ఆమె మనుమరాలిని, యాదలక్ష్మిని, రేపటి సంది గడీల పెట్టుమన్నడు. పదేండ్ల పోరి. గడీలకు పోయిన పోరి మల్ల ఇంటికొచ్చుడు నువ్వెప్పుడన్న జూసినవా?"

"నేను ఇనుము సంగతి చెప్పిన మైసయ్యా. మనిషి సంగతి చెప్పలే."

"ఇనుము మీద నీళ్ళు వాటంతటవే పడయి గద" అన్నాడు మైసయ్య. కళ్ళు కిందికి వేసుకుని అన్నాడు. "నీళ్ళు పొయ్యమన్నది గూడ దొరనే. పోయిన ఎండాకాలం నార్కట్‌పల్లి గుట్ట దిగి వచ్చినప్పుడు చక్రాలు కమురు వాసనొచ్చినయి. 'పొయ్యే ముసల్దానా, సల్లార్చు' అన్నడు. నేను ఈడనే ఉన్న. మొన్న నువ్వడిగినప్పుడు చెప్పలే. నిన్న గూడ చెప్పలే." చేయి తెలియకుండానే చెవి మీదికి పోయింది.

యోహాను కూర్చుని చక్రం బిగించడం మొదలుపెట్టాడు. చేతులు వాటి పని అవి చేశాయి. డ్రమ్ము ఎక్కించాడు, పట్టాలు సరిచేశాడు, తిప్పి చూశాడు. ఎక్కడా గీర లేదు. ఎంత నున్నగా తిరుగుతోందంటే అతనికి దాన్ని చూడబుద్ధి కాలేదు. వంగిన మనిషి వైపు అతని వీపు ఉంది. అయినా ఆమె ఎక్కడుందో, ఎంత దూరంలో ఉందో వీపుకు తెలుస్తూనే ఉంది. దొర కాళ్ళ మీద పడితే? పడితే ఒక తన్ను తగులుతుంది, అంతే. తాను చెప్పిన నిజం ఇప్పుడు దొరది. దాన్ని వెనక్కి తాను మాత్రమే తీసుకోగలడు.

"ఊరవతలికి పోయి చూసొద్దాం, రా" అన్నాడు మైసయ్యతో.

ఊరు దాటాక దిబ్బ దిగుడులో మైసయ్య బ్రేకు తొక్కాడు. బండి వెన్నలో కత్తి దిగినంత నున్నగా ఆగింది. మైసయ్య మొహం విప్పారింది. "గిట్ల ఆగి ఏడాది అయితాంది!"

యోహాను దిగి బండి కిందికి దూరాడు. బండి బరువు మోసే ముందు కమానును ఇరుసుకు కట్టిపట్టే బోల్టులు ఎడమ పక్క నాలుగున్నాయి. పానా పెట్టి ఒక్కొక్కటి రెండు చుట్లు వదులు చేశాడు. పద్నాలుగేళ్ళ పనిలో మళ్ళీ బిగించడానికి తప్ప పానాను ఆ వైపుకు తిప్పి వదిలిపెట్టడం అతనికి ఇదే మొదటిసారి. ఆదివారం గుడిలో పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకవద్దని పిల్లల చేత చెప్పిస్తారు. పొరుగువాని కోసమైతే ఏమిటో ఎవరూ చెప్పలేదు.

"ఏం జేస్తున్నవే?" మైసయ్య వంగి చూసి బిత్తరపోయాడు.

"దొరను ఎక్కించుకోని మెల్లగ తోలు. జోరు చేయకు. ఈ దిగుట్లనే బ్రేకు తొక్కు. బండి ఊగుతది. నువ్వేం మాట్లాడకు."

"నన్ను సంపుతడు!"

"నిన్ను గాదు" అన్నాడు యోహాను.

గడీ దగ్గర ఎక్కిన దొర వెనక సీట్లో, యోహాను ముందు మైసయ్య పక్కన కూర్చున్నారు. దిగుడులో మైసయ్య బ్రేకు తొక్కగానే బండి ముందుభాగం కటకటమని ఊగింది, దొర మోకాళ్ళు ముందు సీటుకు కొట్టుకున్నాయి. మైసయ్య మెడ రెండు భుజాల మధ్యకు ముడుచుకుపోయింది.

"ఇదేందిరా? చెక్కిచ్చుకొచ్చిన అన్నవు?"

యోహాను అప్పటికే దిగి బండి కింద ఉన్నాడు. కొంతసేపు అక్కడే ఉన్నాడు. వేడి ఇంజను నూనె వాసన, దొర చెప్పుల చప్పుడు. తర్వాత బయటికి వచ్చి మోకాళ్ళ మీద నిలబడ్డాడు.

"దొరా, నా కండ్లు మూసుకపోయినయి. డ్రమ్ము కొత్తదానిలెక్క ఉన్నది. అయినా బండి వణికింది. అంటె దోషం డ్రమ్ముల లేదు. కమాను బోల్టులు వదులైనయి. బ్రేకు తొక్కంగనె ఇరుసు ముందటికి ఎనకకు ఆడుతాంది. మొన్న నేను కిందికి దూరి చూడలే. మీరే వచ్చి చూడుండ్రి."

దొర వంగి చూశాడు. యోహాను కమాను పట్టుకుని ఊపితే కదిలింది. అతని ముందే నాలుగూ బిగించాడు. మళ్ళీ ఊపితే కదలలేదు. మళ్ళీ ఎక్కి అదే దిగుడులోకి పోయారు. మైసయ్య తొక్కాడు. బండి చప్పుడు లేకుండా ఆగింది.

దొర యోహాను వైపు తిరిగాడు. "మరి నీళ్ళు?"

"నీళ్ళతోని ఏం గాదు దొరా. పాత ఇనుముకు మచ్చలుంటయి. నాకు పని సరిగ రాక నోటికొచ్చింది చెప్పిన."

"మొన్న నీళ్ళన్నవు. ఇయ్యాల బోల్టులన్నవు. మూడు దినాలు నా బండిని దిమ్మెల మీద పెట్టినవు. నీ మాట పట్టుకోని నేను వాకిట్ల..." దొర ఆగాడు. ఆ మాట పూర్తి చేయడం ఆయనకు ఇష్టం లేకపోయింది. మొహం ఎర్రబడింది. "దిగు. ముక్కు నేలకు రాయి."

యోహాను రాశాడు. దిబ్బ మట్టి ముతకగా ఉంది, ముక్కు తోలు లేచింది.

"చిట్యాల నుంచి సూర్యాపేట దాకా ఎవడన్న నీతోని బండి ముట్టిచ్చుకుంటె నాకు చెప్పుమంట. ఇగ నా ఊళ్ళె కాలు పెట్టకు. మైసిగా, వాకిట్ల ఉన్న ముసల్దాన్ని పొమ్మను. పోరి సంగతి గూడ వద్దను. బండి ఎప్పటిలెక్కనే కడగమను. ఏం గాదట గద."

బండి వెళ్ళిపోయింది. యోహాను పానాలు ఒక్కొక్కటే సంచిలో వేసుకున్నాడు. కూలి మాట ఎవరూ ఎత్తలేదు.

కేతేపల్లి బాటలో ఊరి చివర మోటబావి ఉంది. ఎడ్లను విప్పేశారు, మోట నడవడం లేదు. గట్టు మీద ఈదమ్మ కూర్చుని ఉంది. తల పూర్తిగా పైకి ఎత్తలేక, మెడ ఒక పక్కకు వంచి అతని రాకను చూసింది. చెంబుతో నీళ్ళు మెడ వెనక మెల్లగా పోసుకుంటోంది. రవిక లేని వీపు మీద పొత్రం పెట్టిన చోట చర్మం కమిలి గుండ్రంగా నల్లబడింది.

"నువ్వేనా మిస్త్రీవి? కూసో బిడ్డా."

యోహాను కొంచెం దూరంగా కూర్చున్నాడు. "నా నోటితోని నీకు గింత కష్టమొచ్చింది అవ్వా. తప్పైంది."

"మైసడు అంత చెప్పిండు. బోల్టులు నువ్వే వదులు చేసినవట. ముక్కు రాసినవట." ఆమె అతని ముక్కు వైపు చూసింది. "నిజం చెప్పు. బండి దేనితోని చెడింది?"

అతను తటపటాయించాడు. ఇంత పడ్డాక ఆ బరువు కూడా ఆమె మీద ఎందుకనుకున్నాడు. "పాత ఇనుము అవ్వా. నీ నీళ్ళతోని గాదు."

ఈదమ్మ నవ్వింది. నవ్వితే వీపు నొచ్చి మూలిగింది. "మల్ల అబద్ధమే. నా పెనిమిటి ఉన్నన్ని దినాలు కమ్మరి కొలిమి కాడ తిత్తి ఊదిండు. కాలిన ఇనుము మీద ఒక పక్క నీళ్ళు పోస్తె వంకర దిరుగుతదని నాకెరుక లేదా?"

యోహాను సంచి మీది చేయి తీశాడు. ఏదో తప్పుగా విన్నాననుకున్నాడు.

"దొర పొయ్యమన్నది ఒక్కటే దినం. 'సుయ్' మన్నది. వారం దినాలకు బండి వణుకుతాందని పట్నం తోలిండ్రు. నాలుగు దినాలు రాలె. బండి ఊళ్ళె ఉంటె పొద్దుగాల పది కుండలు, మాపటికి పది కుండలు. వెట్టి. ఏం జెయ్యరాదు, ఏడికి పోరాదు. బండి లేని నాలుగు దినాలు నేను కలుపుకు పోయిన. జొన్నలు తెచ్చిన. పోరికి గటక పోసిన. అప్పుడు ఎరుకైంది నాకు. బండి పండుకుంటె నా దినాలు నాయే." ఆమె చెంబు కింద పెట్టింది. "మల్ల బాగై వచ్చింది. మల్ల పోసిన. గట్ల మూడు మాట్ల."

"ఎరిగి పోసినవా?" అన్నాడు యోహాను. పొడిచినట్టు ముక్కు మండింది. "ఏం ఎరుగని ముసలామె మీద అపవాదు వేసిన అనుకోని నేను దిబ్బల ముక్కు రాసిన. నా పని రాదని నా నోటితోనే చెప్పుకున్న. ఎరిగి పోసినవా అవ్వా?"

"ఎరిగే బిడ్డా. రాయి మోసినప్పుడు గూడ ఏడ్వలే గద నేను. చెయ్యనిదానికైతె ఏడుద్దును."

కోపం ఎక్కడిదాకా పోవాలో తెలియక ఆగిపోయింది. చివరికి అన్నాడు. "అది ఖరాదుల పలచనైంది. ఇంకోసారి పోస్తె పలుగుతది. దిగుట్ల బ్రేకు పడది. దొర ఒక్కడే గాదు, మైసయ్య గూడ కూసుంటడు గద అండ్ల."

ఈదమ్మ మొహం పాలిపోయింది. "పలుగుతదా? వణుకుతది, పట్నం పోతది, గంతే అనుకున్న." ఆమె బావి నీళ్ళ వైపు తిరిగింది. "మైసని చెవి జూసిన దినం నేను ముద్ద ముట్టలే. వానికి దెబ్బ నా నీళ్ళతోనే వచ్చిందని ఎవలకు చెప్పుదు?"

బావిలో కప్ప దూకిన చప్పుడైంది. యోహాను లేచి సంచి భుజానికి వేసుకున్నాడు. కేతేపల్లిలో బస్సు దొరకాలంటే ఇప్పుడే నడవాలి. రెండడుగులు వేశాడు.

"మిస్త్రీ."

అతను తిరిగి చూశాడు.

"మైసనికి దెబ్బ తాకొద్దు. ఇంకొకల మీదికి తప్పు పోవద్దు. బండి మాత్రం నాలుగు దినాలు పండుకోవాలె." ఆమె మెడ వంకరగా పెట్టి అతని కళ్ళలోకి చూస్తోంది. "గట్లాంటిదేమన్న ఉంటదా బిడ్డా?"

ఇన్నేళ్ళలో అతన్ని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. బండి ఎందుకు చెడిందని అడిగారు, ఎప్పుడు బాగవుతుందని అడిగారు. యోహాను నిలబడిపోయాడు. తల తనకు తెలియకుండానే పనిలో పడింది. స్టీరింగు వద్దు, చక్రాలు వద్దు. వైర్లు పీకితే తోలేవాడి మీదికి వస్తుంది. నూనె వదిలితే కడిగేవాళ్ళ మీదికి వస్తుంది. ఒక్కొక్కటే పక్కన పెడుతూ పోయాడు, దోషం వెతికేటప్పుడు పెట్టినట్టే. తిరిగి వచ్చి గట్టు కింద గొంతుకూర్చున్నాడు.

"చక్రాల జోలికి ఇగ పోకు" అన్నాడు. "బండి సల్లారినంకనే వాటిమీద నీళ్ళు పొయ్యి. బండి ఎనక పక్క, కింద, పెట్రోలు పోసే మూత ఉంటది. ఇత్తడిది, తిప్పితె వస్తది. కడిగేటప్పుడు అండ్ల జరన్ని నీళ్ళు పోస్తె చాలు. పెట్రోలు మీద తేలుతది, నీళ్ళు అడుక్కు దిగుతయి. జరంత దూరం పోంగనె బండి దగ్గి దగ్గి దమ్ము ఇడిచి దానంతటదే ఆగుతది. బ్రేకు బ్రేకులెక్కనే ఉంటది. ఎవ్వలకు ఏం గాదు. మొత్తం విప్పి కడిగి ఆరబెట్టెవరకు నాలుగు దినాలు పడ్తది."

"అడిగితె?"

"పెట్రోలు నల్గొండ సంది డబ్బాలల్ల వస్తది. యుద్ధం దినాలు. డబ్బాలనే నీళ్ళు కలిసినయంటడు ఏ మిస్త్రీ అయినా. నన్ను పిలిచినా నేను గూడ గదే అంటుంటి."

ఈదమ్మ పెదవులు కదిలించుకుంటూ మాటలన్నీ ఒకసారి లోపల చెప్పుకుంది. ఎనక పక్క, కింద, ఇత్తడి మూత.

"జరన్ని అంటె ఎన్ని?"

"గిలాసెడు."

"గిలాసు మాకేడిది బిడ్డా?" ఆమె రెండు చేతులూ కలిపి, బొటనవేళ్ళు పట్టుకుని పట్టుకుని వంకరపోయిన వేళ్ళతోనే దోసిలి పట్టి చూపించింది. "గిన్ని అయితె?"

యోహాను ఆ దోసిలిలోకి వంగి, కొలత చూసినట్టు చూశాడు.

"గిన్ని చాలు" అన్నాడు.